పైథాన్‌లో ‘స్వాతంత్ర్యం’ పొడవు 12 అంటోంది, అక్షరాలు సరిగ్గా లెక్కపెట్టడం ఎలా?

పలకా_బలపం
జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లలకి వారం వారం ఒక గళ్లనుడికట్టు తయారుచేసి ఇవ్వడం నాకు అలవాటు, ఇన్నేళ్లూ స్కేలు పెట్టి గళ్లు గీసుకుని చేత్తోనే చేశా. ఈ వేసవిలో మా అబ్బాయి పక్కన కూర్చుని పైథాన్ కొంచెం నేర్చుకున్నా, పదాల జాబితా ఇస్తే గళ్లలో అదే సర్దిపెట్టేలా ప్రోగ్రాం రాద్దామని. వాడు కాలేజీకి వెళ్లిపోయాడు, నేను మొదట్లోనే ఆగిపోయా. లెన్ అని అడిగితే పదం పొడవు చెప్తుంది కదా, ‘అమ్మ’కి 4 అంటోంది, ‘తెలుగు’కి 6, ‘రాష్ట్రం’కి 8, ‘స్వాతంత్ర్యం’కి ఏకంగా 12. ఒకటో తరగతి పిల్లాడిని అడిగినా స్వా-తం-త్ర్యం మూడే అంటాడు. నాకు మూడు గళ్లు కావాలి, అది పన్నెండు గీస్తోంది. ఇంకా చాలా సందేహాలున్నాయి గానీ ముందు ఇది చెప్పండి.

రాత్రి_డ్యూటీ
అది లెక్కపెట్టేది అక్షరాలు కాదు సార్, కోడ్‌పాయింట్లు. యూనికోడ్‌లో అచ్చు, హల్లు, గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నిటికీ వేరువేరు నంబర్లు. అమ్మ అంటే అ, మ, పొల్లు, మళ్లీ మ. అందుకే నాలుగు.

గోదారి_గట్టు
బైట్లు అడిగితే ఇంకా పెద్ద అంకె వస్తుందండి. యూటీఎఫ్-8 అంటే ఆ నంబర్లని ఫైల్లో బైట్లుగా రాసే పద్ధతి, దాంట్లో మన ఒక్కో కోడ్‌పాయింటుకి 3 బైట్లు, స్వాతంత్ర్యానికి 36 అన్నమాట.

లూప్_లో_ఉన్నా
జావాస్క్రిప్ట్‌లో రాసేయండి సార్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది ఈ గొడవే ఉండదు

రాత్రి_డ్యూటీ
ఎందుకుండదు తమ్ముడూ, అక్కడ లెంగ్త్ అడిగినా స్వాతంత్ర్యానికి 12 ఏ వస్తుంది, ఇప్పుడే కన్సోల్‌లో కొట్టి చూశా. ఇంటల్ సెగ్మెంటర్ అని ఒకటుంది, అది అక్షరాలుగా విడగొడుతుంది గానీ ఆ బ్రౌజర్ ఏ యూనికోడ్ వెర్షన్ మీద ఉందో దాన్ని బట్టి జవాబు మారుతుంది. మాస్టారు పైథాన్ మొదలుపెట్టారు కదా, ఆయన్ని మళ్లీ ఓనమాల దగ్గరికి పంపకు.

పాలమూరు_పోరడు
సార్, లైబ్రరీ గిట్ల ఏం అక్కర్లే, పది లైన్లల్ల అయిపోతది. మా చెల్లె పెండ్లి కార్డుల మీద పేర్లు ప్రింట్ చేసెటప్పుడు నేను ఇదే రాసుకున్న, పొడుగు పేరు రెండో లైన్లకు పోతుంటె ఒత్తు కాడ ఇరుగుతుండె, అందుకోసం. ఏం చెయ్యాలె అంటే, ఖాళీ లిస్ట్ ఒకటి పెట్టుకోని పదాన్ని ఒక్కో గుర్తు చదువుకుంట పోవాలె. చదివిన గుర్తు గుణింతమో, సున్ననో, విసర్గనో, పొల్లో అయితే అది కొత్త అక్షరం కాదు, లిస్టుల ఆఖరుకు ఉన్నదానికి అతికియ్యాలె. అది హల్లే గానీ దానికి ముందల పొల్లు ఉన్నదనుకోండ్రి, అంటే అది ఒత్తు, అది గూడ ఆఖరుదానికే అతుకుతది. ఈ రెండు కాకుంటేనే కొత్త అక్షరం మొదలైనట్టు. మరి గుణింతం గుర్తని ప్రోగ్రాంకు ఎట్ల తెలుస్తది అంటే, యూనికోడ్‌డేటా అని మాడ్యూల్ పైథాన్‌తోనే వస్తది, ఇన్‌స్టాల్ గూడ చెయ్యనక్కర్లే. దాంట్ల క్యాటగిరీ అని అడిగితే రెండక్షరాల జవాబు ఇస్తది, మొదటిది ఎమ్ అయితే గది అతుక్కునేది. పొల్లు నంబరు 0సి4డి.

ఇందూరు_అక్క
ఎమ్ అంటే మార్క్. పొల్లు క్యాటగిరీ కూడా ఎమ్ తోనే మొదలవుతుంది కాబట్టి దానికి వేరే కండిషన్ అక్కర్లేదు, వెనక గుర్తు పొల్లా అని చూడ్డానికి మాత్రం ఆ నంబరు కావాలి. బాగా చెప్పావు పోరడా.

పలకా_బలపం
కూర్చుని రాశా. రాష్ట్రం 2, సంక్రాంతి 3, పుస్తకం 3, స్వాతంత్ర్యం 3! మా ఆవిడని పిలిచి చూపించా. చిరంజీవి పోరడికి ఆశీస్సులు. ఇది పదాలు ప్రోగ్రాంలోనే టైప్ చేసి చూసినప్పుడు. నా జాబితా నోట్‌ప్యాడ్ ఫైల్లో ఉంది, 640 పదాలు, రోజుకి పది చొప్పున టైప్ చేసుకున్నవి. ఆ ఫైలు చదవమంటే ఎర్ర అక్షరాలతో తిడుతోంది. యూనికోడ్ డీకోడ్ ఎర్రర్, చార్‌మ్యాప్ కోడెక్ 0ఎక్స్8డి అనే బైట్‌ని డీకోడ్ చెయ్యలేదు, పొజిషన్ 11 అని. ఫైల్లో మొదటి పదమే ‘అమ్మ’. నోట్‌ప్యాడ్‌లో చక్కగా కనిపిస్తోంది మరి.

గోదారి_గట్టు
ఇది నేను పడ్డ కష్టమే మాస్టారూ, కాస్త పొడుగ్గా చెప్తాను, ఎందుకంటే ఎవరూ కారణం చెప్పరు, ఎన్‌కోడింగ్ పెట్టుకో అని వెళ్లిపోతారు.

మా ఊరి పాల సంఘం సభ్యుల పేర్లు ఒక ఫైల్లో ఉండేవి. విండోస్‌లో ఫైలు తెరిచే ఓపెన్‌కి ఎన్‌కోడింగ్, అంటే బైట్లని అక్షరాలుగా చదివే పద్ధతి, చెప్పకపోతే పైథాన్ ఆ కంప్యూటర్ డిఫాల్ట్ తీసుకుంటుంది, మన దగ్గర ఎక్కువ సిస్టమ్‌లలో అది సీపీ1252, పడమటి యూరప్ భాషల పట్టిక. దాంట్లో ఒక్కో బైట్‌కి ఒక్కో గుర్తు. మొదట్లో రామ, సీత, శారద అని మూడు పేర్లే ఉన్నప్పుడు ఎర్రర్ రాలేదండి, చదివేసింది, కానీ తెలుగు బదులు నెత్తిన గీతలున్న ఇంగ్లీషు ఏలూ, డిగ్రీ గుర్తులూ. ‘విష్ణు’ చేర్చేసరికి మొత్తం ఆగిపోయింది. విష్ణు మీద దానికేం కోపమా అని రెండు రోజులు తల పట్టుకున్నా.

సంగతేంటంటే ఆ సీపీ1252 పట్టికలో అయిదు గళ్లు ఖాళీ. 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. మన పొల్లుని యూటీఎఫ్-8లో రాస్తే మూడో బైట్ సరిగ్గా 8డి. కొమ్ము, అంటే ఉకారం గుర్తు, దానికి 81. ‘ఏ’ అనే అచ్చుకి 8ఎఫ్, ‘ఐ’కి 90, ‘ఝ’కి 9డి. అంటే ఫైల్లో ఒక్క ఒత్తో ఒక్క కొమ్మో తగిలిందా, ఎర్రరు. అవి లేని పేర్లయితే ఎర్రరే లేకుండా పాడుచేస్తుంది, అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే మనకి తెలీదు. మీ అమ్మలో ఒత్తు ఉంది కాబట్టి మీరు మొదటి పదానికే బతికిపోయారు.

ఓపెన్‌లో ఫైలు పేరు తర్వాత కామా పెట్టి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వండి. చదివేటప్పుడూ, రాసేటప్పుడూ, రెండుసార్లూ.

రాత్రి_డ్యూటీ
గోదారి_గట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక చిన్న సవరణ, మాస్టారి ఫైలుకి యూటీఎఫ్-8-సిగ్ పెట్టాలి. ఎలా తెలిసిందంటే పొజిషన్ 11 అన్నారు. లెక్కేయండి, పొజిషన్ సున్నా నుంచి మొదలు, అకి 3 బైట్లు, మకి 3, పొల్లులో మూడోది 8డి. అంటే 8వ పొజిషన్‌లో రావాలి. 11 వచ్చిందంటే ముందు ఇంకో మూడు బైట్లు దాక్కుని ఉన్నాయి. అది బామ్, పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే ఫైలు మొదట్లో పెట్టే గుర్తు. కంటికి కనిపించదు.

లూప్_లో_ఉన్నా
ఒక్క 11 చూసి ఇదంతా చెప్పేశారా 🙏

పలకా_బలపం
రాత్రి_డ్యూటీ గారి పోస్ట్ చూసేలోపే యూటీఎఫ్-8 అని పెట్టి నడిపా. ఎర్రరు పోయింది గానీ ప్రతి పదానికీ ఒక అక్షరం ఎక్కువ చెప్తోంది, మొదటి పదానికి మాత్రం రెండు ఎక్కువ. అమ్మకి 4. మళ్లీ మొదటికొచ్చామా అనుకున్నా.

రాత్రి_డ్యూటీ
ఆ మొదటి పదంలో అదనపు ఒకటి బామ్ ఏ సార్. సిగ్ పెడితే పోతుంది. మిగతా ఒకటి లైను చివర ఎంటర్. ఫైలు లైను లైనుగా చదివితే ఆ కొత్త లైను గుర్తు కూడా పదంతో పాటు వస్తుంది, మీ ఫంక్షన్ దాన్ని కొత్త అక్షరం అనుకుంటోంది. స్ట్రిప్ అని వాడండి, చివర్లో స్పేస్ ఉన్నా అదే తీసేస్తుంది. స్ట్రిప్ ఒక్కటే చాలు కదా అనుకోవద్దు, బామ్‌ని అది తియ్యదు, బామ్ ఖాళీ జాగా కింద లెక్క కాదు.

ఇందూరు_అక్క
కనిపించని గుర్తు ఏదైనా ఉందేమో అని అనుమానం వస్తే ప్రింట్ చెయ్యకండి, రెప్ర్ లోపల పెట్టి ప్రింట్ చెయ్యండి. దాక్కున్నవన్నీ నంబర్లతో బయటికొస్తాయి. ఆరేళ్ల నుంచి డేటా పని చేస్తున్నా, నా సగం సమస్యలు రెప్ర్‌తోనే తేలాయి.

కొత్తగా_చేరా
పైథాన్‌లో యూటీఎఫ్-8 డిఫాల్ట్ చేశారని ఎక్కడో చదివా, మరి ఇదంతా ఎందుకు?

రాత్రి_డ్యూటీ
3.15 నుంచి అలా చెయ్యాలని పెప్ 686 అనే పైథాన్ మార్పుల ప్రతిపాదనలో నిర్ణయం అయింది. కానీ స్కూలు ల్యాబుల్లో ఏ వెర్షన్ ఉంటుందో మన చేతిలో లేదు కదా, ఎన్‌కోడింగ్ రాసే అలవాటే మంచిది. ప్రతిసారీ రాయలేకపోతే పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వొచ్చు, 3.7 నుంచీ పనిచేస్తుంది.

ఆదివారం_బడి_శారద
మాది న్యూజెర్సీ, ఆదివారాలు పదిహేను మంది పిల్లలకి తెలుగు చెప్తున్నాను, ఈ చర్చ నాకు పండగలా ఉంది. మాస్టారు గారూ మీ ప్రోగ్రాం పూర్తయితే నాకూ కావాలి. నా దగ్గర ఒక ప్రశ్న. వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే పదాలు పిల్లలకి చాలా ఇష్టం, వికటకవి లాంటివి. కోలన్ కోలన్ మైనస్ 1 పెట్టి తిరగేసి పోల్చాను. జలజ, కనక, సరస, నటన అన్నిటికీ నిజం అని వచ్చింది. వికటకవికి అబద్ధం అంటోంది! తెనాలి రామకృష్ణుడి కథ చెప్పి పిల్లల ముందు నడిపితే ఇలా అయింది.

పాలమూరు_పోరడు
అక్కా, జలజల గుణింతాలే లేవు గద, అందుకే పనిచేసింది. వికటకవిల మొదటి అక్షరం వ, దాని ఎనుక గుడి. తిరగేస్తె గుడి ముందుకొస్తది వ ఎనుకకు పోతది. టమాట ఇచ్చి చూడుండ్రి, టామట అయితది. ముందు పైన చెప్పిన లెక్క అక్షరాల లిస్ట్ చెయ్యాలె, అటెన్క లిస్టును తిరగెయ్యాలె. వి, క, ట, క, వి. ఇగ ఎటు చూసిన ఒక్కటే.

ఆదివారం_బడి_శారద
వచ్చింది!! వికటకవి నిజం, టమాట నిజం, పులుపు, కునుకు, మహిమ, మడమ అన్నీ నిజం.

లూప్_లో_ఉన్నా
కిటికీ కూడా

పలకా_బలపం
కిటికీకి చివర దీర్ఘం నాయనా. కి-టి-కీ. కాదు. ప్రోగ్రాం కూడా కాదనే అంటుంది, వేసి చూడు.

లూప్_లో_ఉన్నా
అవును సార్ కాదంది 😄

ఛందం_మోహనం
ఆలస్యంగా వచ్చాను. అందరూ పొల్లు హల్లు విషయం వదిలేశారు. ‘సాఫ్ట్‌వేర్’ ఇవ్వండి ఆ ఫంక్షన్‌కి. చివర ర్ ఉంది, దానికి అచ్చు లేదు. ఛందస్సులో పొల్లు విడిగా నిలబడదు, ముందున్న అక్షరానికి చేరి దాన్ని గురువు చేస్తుంది. కాబట్టి సాఫ్ట్-వేర్ రెండే. మీ లెక్క ఎంత చెప్తోంది?

పలకా_బలపం
5 అంది. నేను 4 అనుకున్నా. సా, ఫ్ట్, వే, ర్. అయిదోది ఎక్కడిది?

ఇందూరు_అక్క
రెప్ర్‌లో చూడండి మాస్టారూ, ట్ కి వే కి మధ్య 200సి అని కనిపిస్తుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్. టకి వ ఒత్తు పడకుండా ఆపడానికి టైప్ చేసేటప్పుడు పెడతాం, కొన్ని కీబోర్డులు వాటంతటవే పెడతాయి. దాని క్యాటగిరీ ఎమ్ కాదు, అందుకే ఫంక్షన్ దాన్ని కొత్త అక్షరం అనుకుంది. 200సి వస్తే అది కూడా వెనకదానికి అతికించండి. దాని తర్వాత వచ్చే వకి వెనక గుర్తు పొల్లు కాదు 200సి కాబట్టి అది కొత్త అక్షరంగానే మొదలవుతుంది, మనకి కావలసిందీ అదే. నాలుగు వస్తుంది.

ఇంకో సంగతి, మీ 640లో ఒకే పదం రెండుసార్లు ఉందేమో అని ఒకేలాంటివి ఒక్కటే మిగిల్చే సెట్‌లో వేస్తే, ఒకచోట 200సి తో, ఒకచోట లేకుండా ఉన్న పదాలు రెండూ మిగిలిపోతాయి. కంటికి దాదాపు ఒకటే. ఐత్వం కూడా అంతే, ‘కై’లో ఉన్న గుర్తుని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం గుర్తు పక్కన ఇంకో గుర్తు పెట్టి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు, తెరమీద తేడా తెలీదు, పోలిస్తే సమానం కాదంటుంది. యూనికోడ్‌డేటాలోనే నార్మలైజ్ ఉంది, ఎన్ఎఫ్‌సీ అని ఇస్తే ఐత్వాలు ఒకే రూపంలోకి వస్తాయి, 200సి ని మాత్రం అది తియ్యదు, మనమే తియ్యాలి. పోల్చేముందు ఆ పని చెయ్యండి.

ఛందం_మోహనం
అక్కయ్య చెప్పింది బాగుంది కానీ నా ప్రశ్న అలాగే ఉంది. నాలుగా, రెండా?

గోదారి_గట్టు
పద్యానికి రెండు, గళ్లకి నాలుగు. గళ్లనుడికట్టులో పొల్లుకి ఒక గడి ఇవ్వడమే నేను చూశానండి.

ఆదివారం_బడి_శారద
నాకు మాత్రం ఛందం_మోహనం గారి పద్ధతే నచ్చింది. ఇక్కడి పిల్లలు పలికి రాస్తారు, ర్ ఒక్కదానికీ గడి ఇస్తే ‘రు’ రాసేస్తున్నారు.

రాత్రి_డ్యూటీ
రెండూ పెట్టుకోవచ్చు. అక్షరాల లిస్ట్ తయారయ్యాక ఇంకో చుట్టు తిరగండి, ఏదైనా ముక్క పొల్లుతోనో, పొల్లు తర్వాత 200సి తోనో ముగిస్తే దాన్ని ముందు ముక్కకి కలపండి. ఈ రెండో చుట్టు కావాలా వద్దా అన్నది ఫంక్షన్‌కి ఒక ఆప్షన్‌గా ఇవ్వండి. అక్షరం అంటే ఏంటో ముందు మనం నిర్ణయించుకోవాలి, లైబ్రరీలు కూడా ఒకే మాట మీద లేవు. యూనికోడ్ 15.1 వచ్చింది 2023లో, అంతకుముందు రూల్స్ ప్రకారం రాసిన లైబ్రరీ అయితే అమ్మని అ, మ్, మ అని మూడు చేస్తుంది. 15.1లోనే తెలుగుతో పాటు కొన్ని భారతీయ లిపుల ఒత్తులు విడిపోకుండా రూల్ పెట్టారు. అందుకే పోరడు రాయించిన పది లైన్లే నయం, ఎక్కడ నడిపినా ఒకే జవాబు.

పలకా_బలపం
నేను గడికే ఓటు. పొల్లు రాయడం పిల్లలకి అలవాటు కావాలి, దానికి ఒక గడి ఉంటే అక్కడ ఆగి ఆలోచిస్తారు.

ఇప్పుడు గళ్ల దగ్గరికొచ్చా, కొత్త తలనొప్పి. పది అడ్డం, పది నిలువు. ఒక వరుసకి పది ఖాళీలు చేసి, ఆ వరుసని ఇంటూ 10 చేశా. మొదటి వరుసలో మూడో గడిలో ‘స్వా’ పెడితే పది వరుసల్లోనూ మూడో గడిలో ‘స్వా’ వచ్చేసింది. నిలువునా స్వా స్వా స్వా.

పాలమూరు_పోరడు
హహ సార్ ఇది అందరికి ఒకపారి అయితది. మీరు చేసింది పది వరుసలు కాదు, ఒక్కటే వరుస, దానికి పది పేర్లు. ఒక్క ఇంటికి పది డోర్ నంబర్లు ఏసినట్టు, ఏ నంబరుకు పోయిన ఆ ఇల్లే. లోపలి వరుసను ప్రతిసారి కొత్తగ పుట్టియ్యాలె. ఇంటూ 10 బయట తీసేసి, దాని జాగల ఫర్ పెట్టి రేంజ్ 10 అని బ్రాకెట్ల లోపలనే రాయుండ్రి.

కొత్తగా_చేరా
మరి లోపలి ఇంటూ 10 ఉంచొచ్చా?

పాలమూరు_పోరడు
ఉంచొచ్చు. అది ఖాళీ స్ట్రింగు, స్ట్రింగు మారదు, దాని జాగల ఇంకోటి కూసుంటది అంతే. లిస్ట్ అయితె లోపల మారుతది, గదే తేడా.

పలకా_బలపం
అర్థమైంది, ఇంటి పోలిక బాగుంది, పిల్లలకీ అదే చెప్తా. గళ్లు సరిగ్గా వచ్చాయి. పదాలు చాలవనిపించి పాఠ్యపుస్తకంలో పాఠం ఒకటి టైప్ చేసుకుని అందులోంచి పదాలు విడదీద్దామనుకున్నా. నమూనా ఇచ్చి వెతికే రీ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ అంటే పదం అని మా అబ్బాయి నోట్సులో ఉంది. ‘పుస్తకం’ని ప, స, తక అని మూడు ముక్కలు చేసింది.

ఇందూరు_అక్క
దానికి గుణింతం గుర్తులు అక్షరాల కింద లెక్క కాదు, అందుకే ప్రతి గుణింతం దగ్గరా తెంచుతుంది. ఈజ్‌ఆల్ఫా అడిగినా ‘తెలుగు’కి అబద్ధం అనే వస్తుంది, అదే కారణం. నేను మొదట్లో దీన్ని నమ్మి ఒక సర్వేలో తెలుగు జవాబులన్నీ చెత్త అని తీసేశా, నాలుగు రోజుల పని పోయింది, అందుకే గట్టిగా చెప్తున్నా. డబ్ల్యూ బదులు మీరే హద్దు చెప్పండి, చదరపు బ్రాకెట్లో 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు, అది తెలుగు గది మొత్తం, దాని పక్కన 200సి, బ్రాకెట్ మూసి ప్లస్. లేదంటే రెజెక్స్ అని విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే మాడ్యూల్ ఉంది, అందులో డబ్ల్యూ గుణింతాలతో కలిపి పట్టుకుంటుంది.

లూప్_లో_ఉన్నా
తెలుగు అంకెలు కూడా ఆ గదిలోనే ఉంటాయా అక్కా

ఇందూరు_అక్క
ఉంటాయి, 0సి66 నుంచి 0సి6ఎఫ్. ఇంట్ కి ‘౧౯౪౭’ ఇచ్చి చూడు, 1947 అని ఇస్తుంది. ఏ లైబ్రరీ అక్కర్లేదు.

లూప్_లో_ఉన్నా
వావ్ నిజంగానే ఇచ్చింది. వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టొచ్చా?

రాత్రి_డ్యూటీ
పైథాన్ 3లో పెట్టొచ్చు. పదాలు, గళ్లు, వరుస, అన్నీ నడుస్తాయి. పేరులో 200సి ఉంటే మాత్రం సింటాక్స్ ఎర్రర్. ఆఫీసు కోడ్‌లో పెట్టకు, పక్కవాడికి తెలుగు రాకపోతే చదవలేడు.

గోదారి_గట్టు
ఆఫీసు మాట వేరండి, మాస్టారి క్లాసులో పెట్టాలి. మా మేనల్లుడు లిస్ట్, టెంప్, ఎక్స్ అని పేర్లు పెట్టి వారం తర్వాత తన కోడ్ తనే చదువుకోలేకపోయాడు. ‘మిగిలిన_పదాలు’ అని పెట్టించా, వెంటనే తప్పు ఎక్కడుందో వాడే పట్టుకున్నాడు.

పలకా_బలపం
నేను ఇప్పటికే అలాగే పెట్టుకున్నా గోదారి_గట్టు గారూ. పాఠంలోంచి పదాలు వచ్చాయి, చక్కగా, ఒత్తులతో సహా. ఆ, ఈ, ఏ లాంటి ఏకాక్షరాలు గళ్లకి పనికిరావు కాబట్టి ఫర్ లూప్‌లో ఒక్కో పదం చూస్తూ ఒక్క అక్షరమే ఉంటే రిమూవ్ చెయ్యమన్నా. సగం పోయాయి, సగం ఉన్నాయి. రెండోసారి నడిపితే ఇంకొన్ని పోయాయి.

రాత్రి_డ్యూటీ
నడుస్తున్న లిస్ట్‌లోంచే తీస్తున్నారు సార్. మొదట్లో ‘ఆ’, రెండోది ‘ఈ’ అనుకోండి. ‘ఆ’ తీసెయ్యగానే ‘ఈ’ ముందుకు జరిగి మొదటి చోట కూర్చుంటుంది, లూప్ ఏమో రెండో చోటుకి వెళ్లిపోయింది, ‘ఈ’ని చూడనే లేదు. పక్కపక్కన రెండు ఉన్నప్పుడల్లా రెండోది తప్పించుకుంటుంది. తియ్యడం కాకుండా, కావలసినవాటిని ఏరి కొత్త లిస్ట్‌లో పెట్టుకోండి. బియ్యంలో రాళ్లు ఏరడం కంటే చేటలో మంచి బియ్యం పక్కకి తోసుకున్నట్టు.

కొత్తగా_చేరా
నాది కూడా అడుగుతా. పదాలు కలపడానికి రాండమ్ షఫుల్ వాడితే నన్, అంటే ఏమీ లేదు, అని వస్తోంది. ఇంతకుముందు అసలు షఫుల్ అనేదే లేదనేది.

ఇందూరు_అక్క
రెండు వేరు వేరు తప్పులు. షఫుల్ ఆ లిస్ట్‌నే అక్కడికక్కడ కలిపేస్తుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. నువ్వు పదాలు ఈక్వల్ టు షఫుల్ అని రాసుంటావు, ఉన్న లిస్ట్ పోయి నన్ మిగిలింది. ఎడమ వైపు ఏమీ రాయకు. సార్ట్ కూడా ఇదే పద్ధతి. ఇక షఫుల్ లేదన్నదంటే, నీ ఫైలు పేరేంటి?

కొత్తగా_చేరా
రాండమ్ డాట్ పీవై... మార్చాక పోయింది అక్కా, ఎందుకు పోయిందో తెలీలేదు ఇప్పటిదాకా

ఇందూరు_అక్క
ఇంపోర్ట్ రాండమ్ అంటే పైథాన్ ముందు నీ ఫోల్డర్‌లోనే వెతికి నీ ఫైల్‌నే తెచ్చుకుంది. 3.13లో అయితే పేరు మార్చుకోమని ఎర్రర్‌లోనే చెప్తుంది, పాతవాటిలో మనమే కనిపెట్టాలి.

పలకా_బలపం
మా పాఠశాల పత్రిక పాత సంచికల్లో పొడుపుకథలు చాలా ఉన్నాయి, డీటీపీ చేసినాయన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ. యూటీఎఫ్-8 పెట్టా, సిగ్ పెట్టా, ఏదీ పనిచెయ్యలేదు.

సున్నపు_గీత
ఇరవై ఏళ్లు డీటీపీ చేశా, నేను చెప్తా. అది యూనికోడ్ కాదు మాస్టారూ, ఏ ఎన్‌కోడింగ్ పెట్టినా రాదు. ఆ రోజుల్లో ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు గీసి పెట్టేవాళ్లు, క ఒక బొమ్మ, తలకట్టు ఇంకో బొమ్మ, ఒత్తు ఇంకోటి. ఫైల్లో ఉన్నది ఇంగ్లీషు అక్షరమే, ఆ ఫాంట్ ఉంటేనే తెలుగు కనిపిస్తుంది. ఏ ఫాంటో కనుక్కుని ఆ ఫాంటుకి పట్టిక రాసి మార్చాలి, ఒత్తులూ ఏత్వాలూ టైప్ చేసిన వరుస కూడా వేరేగా ఉంటుంది కాబట్టి ఉత్త రీప్లేస్‌లతో కుదరదు. కొన్ని ఫాంట్లకి కన్వర్టర్లు దొరుకుతాయి. పది పేజీలైతే కూర్చుని టైప్ చేసుకోవడమే తొందరగా అవుతుంది.

పలకా_బలపం
పదకొండు పేజీలు. టైప్ చేస్తా.

గళ్లు తెరమీద ప్రింట్ చేస్తే మాత్రం నిలువు వరుసలు కుదరట్లేదు. ఖాళీలు చేర్చి పొడవు సమానం చేసే ఎల్‌జస్ట్ పెట్టా, ఐనా ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ.

గోదారి_గట్టు
ఎల్‌జస్ట్ కూడా కోడ్‌పాయింట్లే లెక్కపెడుతుందండి, పైగా మన అక్షరాల వెడల్పులు ఒకలా ఉండవు. ఆ నల్లతెర మీద కుస్తీ వద్దు. హెచ్‌టీఎమ్ఎల్‌లో టేబుల్‌గా రాయించి ఫైల్లో పెట్టండి, పైన మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 మర్చిపోకండి, బ్రౌజర్‌లో తెరిచి ప్రింట్ ఇవ్వండి. గడికి వెడల్పు ఎత్తు ఒకటే ఇస్తే చదరంగా వస్తాయి.

ఛందం_మోహనం
జవాబులు అకారాది క్రమంలో ఇచ్చేట్టయితే సార్టెడ్‌ని నమ్మకండి. యూనికోడ్‌లో ళ, ల పక్కనే ఉంది, అందుకని ‘కళ’ ముందొచ్చి ‘కవి’ తర్వాత వస్తుంది. మన వర్ణమాలలో ళ హకారం తర్వాత. వర్ణమాలని మీరే ఒక లిస్ట్‌గా రాసుకుని, కీ కింద ఆ స్థానం ఇవ్వండి.

పలకా_బలపం
శనివారం మూడో పీరియడ్‌లో పంచా. అడ్డం 14, నిలువు 11. ప్రింట్ చాలా బాగా వచ్చింది. ‘లక్ష్మి’ గళ్లు రెండే ఎందుకు, నా పేరులో ఇన్ని రాస్తున్నాను కదా అని వెనక బెంచీ లక్ష్మి అడిగింది. బోర్డు మీద ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడూ విడదీసి, పోరడి నియమం ప్రకారం ఒక్కొక్కటీ అతికించి చూపించా. తర్వాత క్లాసంతా ఎవరి పేరు వాళ్లు విడదీసుకున్నారు, గంట కొట్టినా లేవలేదు. 15 మంది పేర్లకి నేను చెప్పిన లెక్కా ప్రోగ్రాం లెక్కా సరిపోయింది. శారదమ్మా, ఫైలు పంపుతున్నా, పొల్లు ఆప్షన్ ట్రూ అని పెట్టుకోండి మీ పద్ధతి వస్తుంది.

ఆదివారం_బడి_శారద
అందింది మాస్టారు గారూ. ఈ ఆదివారమే.

పాలమూరు_పోరడు
లక్ష్మికి చెప్పుండ్రి సార్ మంచి ప్రశ్న అడిగిందని.

నిన్ననే_చేరా
నాకు చార్‌మ్యాప్ 0ఎక్స్81 అని వస్తోంది, ఫైల్లో ఊళ్ల పేర్లు, ‘కడప’ ఒక్కటే ఉన్నప్పుడు చదివింది, ‘గుంటూరు’ చేర్చాక ఆగింది. అర్జెంట్

లూప్_లో_ఉన్నా
గుంటూరులో కొమ్ము ఉంది. ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. పైన గోదారి_గట్టు గారి పొడుగు పోస్ట్ చదువు, కడప కూడా పాడైపోయే ఉంటుంది చూసుకో.

నిన్ననే_చేరా
అవును పాడైంది. ఇప్పుడు రెండూ వచ్చాయి